కలపని పైపులోంచి పొగ

దయ్యాల సంగతి ఎవరైనా ఎత్తితే నేను ముందు అడిగేది ఎన్ని గంటలకు, ఎంత దూరం నుంచి చూశారు అని. చాలా కథలు అక్కడే ఆగిపోతాయి. అలాంటివి నేను ఏనాడూ నమ్మలేదు. అందుకే ఇది కూడా గంటలతో, దూరాలతోనే చెబుతాను.

మాది కాకినాడ. నా చదువు పదో తరగతితో ఆగింది. పైపుల వాలు, నీటి వేగం లాంటి లెక్కలన్నీ పాత పుస్తకాలు ముందేసుకుని నేనే నేర్చుకున్నాను. నా భార్య నర్సు. ఆమె ఉద్యోగం వల్ల డబ్లిన్ వచ్చి, మురుగు పైపులు పరీక్షించే ఒక చిన్న కాంట్రాక్టరు దగ్గర చేరాను.

కోవిడ్ వచ్చిన మరుసటి ఏడాది జనవరి. ఇంటి నుంచి ఐదు కిలోమీటర్లు దాటకూడని రోజులు. మా పనికి మాత్రం మినహాయింపు ఉంది. డబ్లిన్ శివారు టాలట్‌లో ఒక వీధి మురుగు లైనుకు పొగ పరీక్ష చేయాలి. మ్యాన్‌హోల్ మీద ఫ్యాను పెట్టి, హాని చేయని తెల్లటి పొగను లైన్లోకి తోస్తాం. పైపు ఎక్కడ పగిలినా, వాననీటి గొట్టం ఎవరైనా తప్పుగా కలిపినా అక్కడ పొగ లేస్తుంది. ఇళ్లలోకి రాదు, సింకు కింద పైపు వంపులో నిలిచిన నీళ్లు దాన్ని ఆపేస్తాయి. వాడని సింకుల్లో చెంబుడు నీళ్లు పొయ్యమని ముందురోజే ఆ వీధిలో ముప్పై ఎనిమిది ఇళ్లకూ కాగితాలు వేశాను.

నాతో ఉన్నది మా ఫోర్‌మన్ డెక్లన్. నన్ను క్యాలిక్యులేటర్ అని పిలుస్తాడు. లైనుకు రెండు చివర్లా ఇసుక మూటలతో అడ్డు కట్టి, పది నలభైకి ఫ్యాను వేశాం. మా ఫ్యానుతో పొగ నిమిషానికి సుమారు ముప్పై మీటర్లు పోతుంది. ఎన్నో వీధుల్లో వాచీ పట్టుకుని చూసిన లెక్క అది.

డెక్లన్ ఫ్యాను దగ్గర, నేను వీధి పై చివర ఇళ్ల కప్పులు చూస్తూ ఉన్నాం. పది నలభై మూడుకి నాకు స్మోక్ అలారం వినబడింది. మేం పరీక్షిస్తున్న వీధిలో కాదు. పెద్ద రోడ్డుకు అవతల, మెరక మీది వరసలో చివరి ఇల్లు. మేడ మీది కిటికీ సందులోంచి తెల్లటి పొగ సన్నగా బయటికొస్తోంది. మా వీధిలో సగం ఇళ్ల కప్పుల మీద మురుగు గాలి పోయే గొట్టాలకు అప్పటికింకా పొగే చేరలేదు.

ఫోన్ చేసి ఫ్యాను ఆపించాను. నేను పరుగున, డెక్లన్ వ్యానులో అక్కడికి చేరాం. తలుపు కొట్టగా కొట్టగా, కింది గది కిటికీ కాస్త తెరుచుకుంది. గోడ పట్టుకుని ఒక అమ్మాయి, ముప్పై ఏళ్లుంటాయేమో. నా జాకెట్ మీద పేరు చదివి తెలుగులోనే మాట్లాడింది.

“దగ్గరికి రాకుండ్రి అంకుల్, నాకు పాజిటివ్. వాష్‌బేసిన్‌లకెల్లి పొగ వచ్చింది. అలారంకే లేచిన.”

వరంగల్ అమ్మాయి. ఇక్కడే ఆసుపత్రిలో డాక్టరు. వారం నుంచి ఒంటరిగా ఉంటోందట. పెదవులు నీలంగా కనిపించాయి. ఆక్సిజన్ చూసుకున్నావా అని అడిగాను.

“డెబ్భై తొమ్మిది చూపెడ్తున్నది. అది తప్పు అంకుల్. చేతులు సల్లగుంటే గట్లనే చూపెడ్తది. నాకు ఆయాసం కూడా లేదు. నేను డాక్టర్‌నే.”

మా ఆవిడ వ్యానులో వేలికి తొడిగే ఆక్సిజన్ మీటరు ఒకటి పెట్టి పంపేది. పరిగెత్తి తెచ్చి నా వేలికి పెట్టుకుని, అద్దానికి ఆనించి చూపించాను. తొంభై ఏడు.

“పొద్దుట్నుంచీ చలిలో ఉన్నానమ్మా. నా చెయ్యి మంచుగడ్డలా ఉంది. నాకు తప్పు చూపించనిది నీకెందుకు చూపిస్తుంది?”

ఆ అంకె చదివింది.

“సాయంత్రం దాంక పండుకుందామనుకున్న అంకుల్,” అంటూ కిటికీ కిందే కూర్చుండిపోయింది. “అంబులెన్స్ పిలువుండ్రి.”

డెక్లన్ అప్పటికే ఫోన్ చేస్తున్నాడు.

పదకొండు రోజులు ఆసుపత్రిలో ఉంది. సాయంత్రం దాకా పడుకుని ఉంటే మళ్లీ లేచేదాన్ని కానని తర్వాత తనే చెప్పింది.

ఆమె అనుమతితో ఆ ఇంట్లో నేను చూసినవి ఇవి. బేసిన్ కింద వంపు విప్పి కొలిస్తే డెబ్భై ఐదు మిల్లీమీటర్ల నీళ్లు, నిండుగా ఉన్నాయి. బేసిన్‌లో ఆకుపచ్చ రంగు పోస్తే అది మెరక అవతలి వైపు పారే వేరే లైన్లో తేలింది, మా లైన్లో చుక్క కూడా కనబడలేదు. మా లైను పొడవునా కెమెరా పంపాం. రోడ్డు వైపు పగులు లేదు, మరో పైపు కలిసిన చోటూ లేదు. ఫ్యాను నుంచి ఆ ఇంటికి నాలుగు వందల పది మీటర్లు. పైపు ఉందనుకున్నా పదమూడున్నర నిమిషాల పైనే పట్టాలి. వచ్చింది మూడు నిమిషాల్లో. ఇంట్లో ఏదీ కాలలేదు, మాడిన వాసన లేదు.

డెక్లన్ చర్చికి వెళ్లడం మానేసి ఇరవై ఏళ్లయింది. అయినా ఆ ఇంటి ముందు వ్యాను వెళ్తే గుండెల మీద సిలువ గుర్తు వేసుకుంటాడు. పిల్ల బతికింది, అంతా గ్రాండ్, ఇక లెక్కలు ఆపు అంటాడు. గ్రాండ్ అంటే ఇక్కడ బాగుందని.

మరో రోజు పరీక్ష పూర్తిచేసి, రిపోర్టులో పొగ లేచిన చోట్లు మూడు రాశాను. మా వీధిలోని రెండింటికి కారణాలు దొరికాయి. మూడోదైన ఆ ఇంటికి తెలియదు అని పెడితే, కారణం రాయమని ఆఫీసు తిప్పి పంపింది. మళ్లీ మొదటి నుంచి లెక్క వేసి, తెలియదనే రాసి పంపాను.

ఆమె ఇప్పుడు ఐర్లండ్ పడమటి తీరాన గాల్వేలో పనిచేస్తోంది. అప్పుడప్పుడు ఫోన్ చేసి, దొరికిందా అంకుల్ అని నవ్వుతుంది. ఇంకా లేదమ్మా అంటాను. ఎన్నిసార్లు లెక్క వేసినా ఆ ఇంటికి పొగ చేరదు. చేరకపోతే ఆ నవ్వు లేదు.