బొట్టు పెట్టి పిలిచిన ఓట్లు

ఆ రోజుల్లో మా కరీంనగర్‌కు మేయరు లేడు, మున్సిపల్ చైర్మనే. ఆ కుర్చీ కోసం మా పెద్దబాపు (మా బాపుకు అన్న) రెండోసారి నిలబడ్డప్పుడు నేను కాలేజీలో చదువుతున్నాను. ఓటు కొత్తగా వచ్చింది, తెలివి అంతకుముందే వచ్చిందని నా నమ్మకం. మొదటిసారి ఆయన సొంత వాడలోనే దెబ్బతిన్నాడు. ఆడవాళ్లు గడప దాటలేదు. "ఇంట్లకెల్లి నేనేసిన గదా, మళ్ల ఆమెకెందుకు?" అన్నది మగవాళ్ల వాదన. ఈసారీ ఓడితే బజార్లో తలెత్తుకుని తిరగలేనని పెద్దబాపుకు దిగులు పట్టుకుంది. అన్నం సయించడం మానేసింది.

"ఆడోళ్లను ఎవలన్న పిలిస్తె గదా వచ్చుడు! లగ్గానికి పిలిచినట్టు బొట్టు పెట్టి పిలుద్దాం" అన్నాను. (ఆ క్షణంలో నన్ను నేను మెచ్చుకున్నంతగా ఆ తర్వాత ఎవరూ మెచ్చుకోలేదు.) "శభాష్ బిడ్డా!" అన్నాడు పెద్దబాపు. కుంకుమ భరిణె పట్టుకుని పెద్దవ్వా (పెద్దబాపు భార్య) నేనూ వాడంతా తిరిగాం. వెనక గల్లీలో మేం ఖాలాజాన్ అని పిలిచే ముస్లిం పెద్దామెకు బొట్టుకు బదులు అత్తరు రాశాం. నేను ఎన్నికల గుర్తు చూపిస్తుంటే పెద్దవ్వ అలవాటు కొద్దీ ప్రతి గడపలోనూ ఒకటే మాట: "పిల్లాజెల్లా అందరు రావాలె, పొయ్యి ముట్టియ్యద్దు." అది పెళ్లి భోజనాలకు పిలిచే మాట. చిన్నప్పటి నుంచీ వింటున్నదే కాబట్టి నేనూ పట్టించుకోలేదు.

పోలింగ్ రోజు మధ్యాహ్నం దాటినా బడిలో ఆడవాళ్ల వరుస ఖాళీ. ఏడుపు మొహంతో ఇంటికి పరుగెత్తాను. వాడ ఆడవాళ్లందరూ మా వాకిట్లోనే ఉన్నారు, పట్టుచీరల్లో, పిల్లలతో సహా, బంతిలో కూర్చుని! పెద్దవ్వ అప్పటికే పెద్ద గంజు పొయ్యి మీదికి ఎక్కించింది.

"ముందుగాల ఓటేసి రాండ్రి, తర్వాత తిందురు" అని బతిమాలాను.

"బొట్టు పెట్టి పిలిచి బంతిలకెల్లి లేపుతరా బిడ్డా?" అంది ఎదురింటి ముసలవ్వ.

పెద్దబాపు గడియారం చూశాడు, పెద్దవ్వను చూశాడు. "చైర్మనీ పోతె పోనీ. ఇంటికచ్చినోళ్లను ఉపాసం పంప" అందామె. ఆయన కండువా నడుముకు చుట్టి పప్పు బకెట్ అందుకున్నాడు. తిన్నాక అందరూ గుంపుగా నడిచి, గేటు మూసేలోపే బడిలోకి చేరారు. ఆ వరుస చూసి పోలింగ్ ఆఫీసరు గటగటా నీళ్లు తాగాడు. ఇక గెలిచినట్టేనని నేను గంతులేశాను.

ఓట్లు లెక్కపెట్టిన నాడు తేలింది, ఈసారీ ఓడిపోయాం, అదీ మా వాడ ఓట్లతోనే. ఉండబట్టలేక ముసలవ్వనే అడిగాను. ఆమె ప్రేమగా నా గడ్డం పట్టుకుంది. "అన్నం పెట్టి ఓట్లు కొన్నరన్న మాట మీ ఇంటికి రావద్దు గదా బిడ్డా. బడికి పోయే తొవ్వల మాట్లాడుకొని అందరం అవతలాయనకు ఏసినం."

పెద్దబాపు ఇల్లెగిరిపోయేలా నవ్వాడు. "నువ్వన్న నాకేసినవా?" అని పెద్దవ్వను అడిగాడు. ఆమె ఎవరికీ వేయలేదు. అందరికీ వడ్డించి, గంజులు కడిగి, తను ఆకు ముందు కూర్చునేసరికి పోలింగ్ ముగిసింది. రాజకీయాలన్నీ తెలుసనుకున్న ఆ కాలేజీ పిల్లకు అప్పుడు ఏడుపొచ్చింది. ఇప్పుడు తలుచుకుంటే నాకు నవ్వే వస్తుంది గానీ, ఆ రోజు పెద్దవ్వకు ఎవరం వడ్డించామో మాత్రం ఎంత ఆలోచించినా గుర్తుకు రావడం లేదు.