నెలిగూ

మా వీధి మలుపులో టైలరమ్మ కొట్టు ఉంది. యాభై దాటిన మనిషి. ప్యాంటు పొడుగు తగ్గించాలన్నా, జాకెట్టు వదులు చేయాలన్నా ఆవిడ దగ్గరికే వెళతాం. గుడ్డ ఇచ్చి కాసేపు కూర్చుంటే మాట దానంతటదే వస్తుంది. ఈ సంగతి మాత్రం నాలుగుసార్లు మొదలుపెట్టి, నాలుగుసార్లూ హుక్కులు వెతుక్కునే నెపంతో ఆపేసింది. ఐదోసారికి చెప్పింది.

ఆవిడకి పదేళ్ళప్పుడు తల్లి పోయింది. తండ్రి మళ్ళీ పెళ్ళి చేసుకుని పిన్నిని తెచ్చాడు. పిన్నికి అర్థం కాకూడదని అక్కాచెల్లెళ్ళిద్దరూ ఒక భాష కల్పించుకున్నారు. నోటుపుస్తకంలో గళ్ళు గీసి మరీ విభక్తులు రాసుకున్నారు. ఏ పేరైనా చివర ఏదో ఒకటి తగిలించనిదే నోట్లోంచి రాకూడదు. చోటు చెప్పాలంటే ఒకటి, ఎవరికోసమో చెప్పాలంటే ఒకటి. సొంతవాళ్ళయితే ‘జో’. ఊడ్చి పారేసేవాటికి ‘గూ’. దారప్పోగులు, విరిగిన సూదులు, అరిగిన సుద్దముక్కలు, అన్నిటికీ గూ. పిన్నికి వాళ్ళు పెట్టుకున్న పేరు ‘నెలి’. ఆ పేరు చివరా గూయే.

పెద్దయ్యాక ముగ్గురూ కొట్లోనే కూర్చున్నారు. చెరో మిషను మీద అక్కాచెల్లెళ్ళు, మధ్యలో పీట మీద పిన్ని. కాజాలన్నీ ఆమే చేత్తో కుట్టేది. ఆమె తల మీదుగా రోజుకి పదిసార్లయినా ఆ మాట అటూ ఇటూ పోయేది. నెలిగూ పక్కకి జరగదు, నెలిగూ మళ్ళీ దగ్గుతోంది. చెల్లెలు పెళ్ళయి వెళ్ళాక ఫోనులోనూ అదే.

కిందటి నెల పిన్ని, చూపు ఆనడం లేదు, తమ్ముడింటికి వెళ్ళిపోతానంది. టైలరమ్మకి ఆ పీట ఖాళీగా ఉండటం ఊహకే అందలేదట. ఇక్కడ నీకేం తక్కువైంది పిన్నీ అని అడిగింది.

సంచి సర్దుతున్న పిన్ని నేలమీది దారప్పోగుల్ని చూపించి, వాళ్ళ భాషలోనే పేరు చెప్పింది, గూ చేర్చి. మొద్దుబారిన కత్తెరకీ అంతే. తర్వాత తన గుండె మీద చెయ్యి వేసుకుని, “నెలిగూ,” అంది. గొంతులో కోపం లేదు.

“నీకెప్పట్నుంచి తెలుసు?”

“వచ్చిన రెండో ఏడు నుంచి. పని చేతులకే కదమ్మా, చెవులు ఖాళీయేగా. మీ చెల్లికి చోటు చెప్పడం ఇప్పటికీ సరిగ్గా రాదు.”

టైలరమ్మ పిన్ని కాళ్ళ దగ్గర కూలబడిందట. మామూలు మాటల్లో క్షమించమనడానికి నోరు రాలేదు. సొంతవాళ్ళని పిలిచినట్టు పిలుద్దామనుకుంది. “నెలి...” అని ఆగిపోయింది. నలభై ఏళ్ళలో ఒక్కసారీ అనని మాట నాలుక మీదికి ఎక్కలేదు.

పిన్నే “జో,” అని అందించింది. “వాడకపోతే తుప్పు పట్టదూ మరి.”

సంచి ఇంకా గుమ్మం పక్కనే ఉంది, విప్పలేదు. చేతిలో ఉన్న చొక్కాలు అయ్యాక చూద్దాం అందట పిన్ని. మొన్న నా ముందే సూది చాచి దారం ఎక్కించమంది. టైలరమ్మకి మూడుసార్లు తప్పింది.

“నీకూ చూపు పోయిందటే?” అంది పిన్ని.

టైలరమ్మ నాలుగోసారి దారం కొస తడిచేసుకుంది.