మూడో భాగం కోసం మాధవరం దాకా

మా ఇంట్లో ఇంగ్లీషు సినిమాలు చూసే అలవాటు ఎవరికీ లేదు. అలాంటిది ఒకే కథ తాలూకు నాలుగు సినిమాలు, అవీ ప్రపంచం నాశనమైపోయాక మిగిలినవాళ్ళు ఒకరినొకరు తన్నుకునే సినిమాలు, వరస తప్పకుండా చూడాలని ఇల్లంతా పట్టుబట్టిన కాలం ఒకటుంది. దానికి కారణం మా మామ, అంటే అమ్మ తమ్ముడు. తొంభైల మొదట్లో చూలై అనే పేటలో మేమంతా ఒకే ఇంట్లో ఉండేవాళ్ళం. అమ్మా నాన్నా, అవ్వ, మామ, నేను. నేను అప్పుడే బీకాంలో చేరాను. ఇంట్లో అందరికంటే నాకే ఎక్కువ తెలుసన్న నమ్మకం కూడా అప్పుడే కుదిరింది.

మామ మా వెనకవీధిలో డబ్బాల మూతలు కొట్టే చిన్న వర్క్‌షాపులో పని చేసేవాడు. ఒకరోజు కుడిచెయ్యి ప్రెస్సు కింద నలిగింది. మణికట్టు దాకా తీసేశారు. గాయం మానింది గానీ మామ కోలుకోలేదు. ఆసుపత్రివాళ్ళిచ్చిన రబ్బరు చేతిని బీరువా మీద పడేశాడు. వర్క్‌షాపు యజమాని, గేటు దగ్గర కూర్చుని వచ్చేపోయే సరుకు చూసుకొమ్మని కబురు పెట్టినా వెళ్ళలేదు. మొండిచేతికి తువ్వాలు చుట్టుకుని, పొద్దస్తమానం కిటికీ దగ్గర కూర్చుని వెనకవీధి ప్రెస్సుల చప్పుడు వినేవాడు.

అసలు చిక్కు అన్నం దగ్గర వచ్చింది. మా అవ్వకి ఎడమచెయ్యి అంటే గిట్టదు. ఎడమచేత్తో పువ్వు ఇచ్చినా పుచ్చుకునేది కాదు. చిన్నప్పుడు నేను ఎడమచేత్తో మురుకు అందుకున్నందుకు ఆ మురుకు మళ్ళీ డబ్బాలోకి వెళ్ళిపోయింది, నాకు తిరిగి రావడానికి సాయంత్రమైంది. మామ ఆసుపత్రి నుంచి వచ్చిన రోజు ఎడమచేత్తో స్పూను పట్టుకున్నాడు. సాంబారంతా చొక్కా మీదే పోయింది. అవ్వ స్పూను లాగేసుకుని, అన్నం కలిపి ముద్దలు పెట్టింది. ఆ పూటకే అనుకున్నాం. అది రోజూ అయిపోయింది. వంటింటి తలుపు దగ్గరికి వేసి, కొడుకుని పీట మీద కూర్చోబెట్టి, గోరుముద్దలు తినిపించేది. ప్రేమే, కాదనను. కానీ పెళ్ళీడు మగవాడు కళ్ళు మూసుకుని నోరు తెరవడం తలుపు సందులోంచి ఒకసారి చూశాను, మళ్ళీ చూడలేకపోయాను.

రానురాను మామ తినడం తగ్గించేశాడు. ఎవరింటికీ వెళ్ళడు, పెళ్ళిళ్ళకి రాడు, ఎవరైనా ఇంటికొస్తే మేడ మీదికి పోతాడు. నాకు ఆ మూసిన తలుపంటే ఒళ్ళు మండేది. అవ్వతో రోజూ కీచులాటే. బిడ్డ ఎడమచేత్తో తింటుంటే కన్నతల్లి చూస్తూ కూర్చుంటుందా అనేది అవ్వ. మామ మళ్ళీ తన చేత్తో తాను తింటాడా, నలుగురిలోకి వస్తాడా అన్నదే ఆ ఏడాది మా ఇంటి బెంగ.

సినిమాలు ఇంట్లోకి వచ్చింది నాన్న వల్ల. మామకి పొద్దుపోతుందని బర్మా బజారులో పాత వీసీఆర్ ఒకటి కొన్నాడు. వీధి మొదట్లో వీడియో లైబ్రరీ ఉండేది. ఒక ఆదివారం నేను తెలుగు సినిమా అడిగితే అన్నీ బయటికి పోయాయని చెప్పి, షాపాయన ఏదో ఇంగ్లీషు క్యాసెట్టు చేతిలో పెట్టాడు. కథ పెద్దగా లేదు. యుద్ధంలో ఊళ్ళన్నీ బూడిదైపోయాయి. రైలు పట్టాలు మిగిలాయి. జనం పాత పెట్టెల్లో కాపురాలు పెట్టారు. ఒకడు పట్టాల మీద ట్రాలీ తోసుకుంటూ ఊరికీ ఊరికీ మధ్య విత్తనాలు చేరవేస్తుంటాడు, దొంగలు వెంటపడతారు. అవ్వకి ఇంగ్లీషు ముక్క రాదు గానీ నోరు మూసుకుని చూసే రకం కాదు. ప్రపంచమంతా పోయినా వీడి తలకి నూనె ఎక్కడిదని అడిగింది.

ఆ ట్రాలీవాడికి కుడిచెయ్యి లేదు. దాని చోట ఇనప కొక్కెం ఉంది. ఎడమచేత్తో తాడు ముడేస్తాడు, తుపాకి నింపుతాడు, డబ్బాలోది తీసుకుని తింటాడు. మామ కిటికీ దగ్గర్నుంచి లేచొచ్చి టీవీ ముందు నేల మీద కూర్చున్నాడు. సినిమా అయిపోయాక తనంతట తాను నోరు విప్పి మాట్లాడాడు. నెలల తర్వాత అదే మొదటిసారి.

"ఈనికి చెయ్యి ఎప్పుడు పోయింది, పాపా? ఎట్ల నేర్చుకున్యాడు ఇదంతా?"

నాకు తెలియదు. నాకు తెలియనిది ఒకటుందని ఒప్పుకోవడం కష్టమే అయినా, పరిగెత్తుకుంటూ పోయి షాపాయన్ని అడిగాను. ఆయన నవ్వి, మీరు చూసింది మొదట తీసిన సినిమా, కథలో మాత్రం అదే చివరిదని చెప్పాడు. బాగా ఆడిందని వెనక్కి వెళ్ళి అంతకుముందు జరిగిన కథ మరో మూడు సినిమాలుగా తీశారట. చెయ్యి పోయేది కథలో రెండో భాగంలో. ఆ తర్వాత ఏమయిందనేది మూడో భాగం.

మామ ఇక ఆగలేదు. కథ వరసలోనే చూడాలన్నాడు, ఏ ముక్కా వదలకూడదన్నాడు. అవ్వ కూడా అదే మాట. ముందు ముసలితనం చూసి తర్వాత బారసాల చూస్తారా ఎవరైనా అంది. ఆ తల్లీకొడుకులు ఒక మాట మీదికి రావడం చూసి అమ్మ వంటింట్లోకి పోయి కళ్ళు తుడుచుకుంది.

మొదటి భాగంలో ట్రాలీవాడు కుర్రవాడు. రెండు చేతులూ ఉన్నాయి. ఊళ్ళు తగలబడుతున్నా, వంతెనలు కూలుతున్నా మామ చూపు మాత్రం ఆ కుడిచేతి మీదే ఉంది. అది గ్లాసు పట్టుకుంటే చూశాడు, తల గోక్కుంటే చూశాడు. మరుసటి ఆదివారం రెండో భాగం. చివర్లో ఒక పసిబిడ్డని లాగబోయి వాడి చెయ్యి రెండు రైలు పెట్టెల మధ్య పడుతుంది. ఆపేద్దామా అని అమ్మ అడిగింది. వద్దని తలూపాడు మామ. పేర్లన్నీ పడి తెర నల్లబడేదాకా కదల్లేదు. అవ్వ కొంగు నోటికడ్డం పెట్టుకుని కూర్చుంది, ఆ పూట ఒక్క ఎకసెక్కెమూ ఆడలేదు.

మూడో భాగం షాపులో లేదు. మాధవరం పాల కాలనీకి కాపురం మారిపోయిన వాళ్ళెవరో తీసుకెళ్ళి తిరిగి ఇవ్వలేదట. చింతాద్రిపేటలో ఇంకో లైబ్రరీ ఉంటే కాలేజీ నుంచి అటే వెళ్ళి అడిగాను. అక్కడ ఆ పేరే వినలేదన్నారు. నాలుగోది ఎలాగూ చూశాం కదా, మధ్యలోది లేకపోతే ఏం మునిగిపోయిందని నాన్న అన్నాడు. మామ లేచి చొక్కా వేసుకున్నాడు. బొత్తాలు అవ్వే పెట్టింది. అడ్రసు తీసుకుని మాధవరం పోయొద్దాం రమ్మన్నాడు నన్ను. ఆసుపత్రి దారి తప్ప వేరే దారి తొక్కని మనిషి బస్సెక్కుతానంటుంటే అమ్మ గబగబా చిల్లర తెచ్చి నా చేతిలో పెట్టింది.

బస్సులో కూర్చునే చోటు దొరకలేదు. మామ ఎడమచేత్తో పైనున్న కమ్మీ పట్టుకుని నిలబడ్డాడు. తువ్వాలు జారితే సర్దుకోవడానికి ఇంకో చెయ్యి లేదు. నేను సర్దబోతే ఉండనీలే అన్నాడు. ఆ ఇల్లు వెతికి పట్టుకునేసరికి చెమటతో తడిసిపోయాం. ఇల్లావిడ తమిళంలో నొచ్చుకుంటూ, మారే హడావుడిలో మరిచిపోయామంటూ క్యాసెట్టు వెతికి తెచ్చి మామ ముందుకి చాపింది. ఎవరైనా ఏదైనా ఇస్తే మామ నా వైపు చూడటం మామూలు, నేను అందుకోవడం మామూలు. ఆ రోజు నా వైపు చూడలేదు. ఎడమచేత్తో పుచ్చుకుంటున్నా, తప్పుగా అనుకోవద్దని ఆవిడకి తమిళంలోనే చెప్పి క్యాసెట్టు అందుకున్నాడు. ఆవిడ అందులో అనుకోవడానికేముంది, ఎండనపడి వచ్చారు, మజ్జిగ తాగి వెళ్ళమంది. ఆ గ్లాసు కూడా తనే పట్టుకుని తాగాడు. తిరుగు బస్సులో క్యాసెట్టు చంకలో పెట్టుకుని, ఇల్లు చేరేదాకా నా చేతికివ్వలేదు.

ఆదివారం దాకా ఆగే ఓపిక ఎవరికీ లేక ఆ సాయంత్రమే పెట్టాం. అమ్మ పొయ్యి ఆర్పేసి వచ్చింది. సినిమా మొదలైంది. నల్లటి తెర మీద ఇంగ్లీషు అక్షరాలు పడ్డాయి. మామ చదవమన్నాడు. కొన్నేళ్ళు గడిచాయి అని ఉందని చెప్పాను. తెర తెల్లబడింది. ట్రాలీవాడు కొక్కెంతో వచ్చాడు, దొంగని చావబాదాడు, ఎడమచేత్తో తాడు ముడేశాడు. అప్పటికే అన్నీ నేర్చేసుకున్నవాడే.

మామ వెనక్కి తిప్పమన్నాడు. తిప్పాను. మళ్ళీ అవే అక్షరాలు, మళ్ళీ అదే కొక్కెం. టేపు ఎక్కడైనా తెగి అతికించారేమోనని క్యాసెట్టు బయటికి తీసి చూశాడు, అతుకు లేదు. ముందు ముందు చూపిస్తారేమోనని ఆశపడి చివరిదాకా చూశాం. చూపించలేదు. నాకు ఏడుపొచ్చింది. ఆ సినిమా తీసినవాడు ఎదురుగా ఉంటే నాలుగు కడిగేసేదాన్ని. ఇంతకీ వాడు కోలుకున్నదెప్పుడు, వాడికి అన్నం పెట్టిందెవరు అని అవ్వ అడుగుతూనే ఉంది.

మామ క్యాసెట్టు బయటికి తీసి పక్కన పెట్టాడు. నవ్వాడు. వెక్కిరింపు కాదు, నిజంగా నవ్వే.

"నాకు కావాల్సింది ఆ కొన్నేళ్ళే పాపా. అదే తియ్యలే వాళ్ళు. తియ్యరులే. ఒకడు సాంబారు చొక్కా మీద పోసుకుంటావుంటే ఎవురు చూస్తారు?"

ఆ పూట అవ్వ తలుపు దగ్గరికి వేయబోతే మామ అడ్డంగా కూర్చున్నాడు. కంచం ముందుకి లాక్కుని ఎడమచేత్తో అన్నం కలిపాడు. సగం నేల మీద పడింది. నేను స్పూను తెస్తానంటే వద్దన్నాడు, చేత్తోనే తింటానన్నాడు. అవ్వ లేచి పెరట్లోకి వెళ్ళిపోయింది. ఆ పూట అన్నం తినలేదు. తర్వాత చాలా రోజులు అదే తంతు. మామ హాల్లో అందరి మధ్యా కూర్చుని తినేవాడు, మీద పోసుకునేవాడు, విసుక్కునేవాడు, ఒకసారి కంచం గోడకేసి కొట్టాడు కూడా. అవ్వ వడ్డించి గోడవైపు తిరిగి కూర్చునేది. నేను ఆమెతో దెబ్బలాడటం మానేశాను. ఆ వంచిన వీపు చూస్తే ఆమె మీద జాలే కలిగేది. కొడుకు చెయ్యి పోయినప్పుడు ఆమెకు మిగిలింది ఆ ముద్దలు పెట్టడమొక్కటే, ఇప్పుడు అదీ పోయింది.

నెల తిరిగేసరికి చొక్కా మీద మరకలు తగ్గాయి. మామ గేటు దగ్గర పనికి ఒప్పుకున్నాడు. అంతలో చింతాద్రిపేటలో దగ్గరి బంధువుల పెళ్ళి వచ్చింది. నేనూ వస్తానన్నాడు మామ. అవ్వ ఆయన పంచె ఇస్త్రీకి పంపింది.

పంక్తిలో మామకి ఒక పక్క నేను, ఇంకో పక్క అవ్వ కూర్చున్నాం. ఆకులు వేశారు, అందరికీ వేసినట్టే, కొస ఎడమవైపు, వెడల్పు కుడివైపు. అన్నం పడేది వెడల్పు వైపు. మామకి అక్కడ చెయ్యి లేదు. ఎదురు పంక్తిలో పెద్దలంతా మాటలాపి చూస్తున్నారు. మామ తువ్వాలు విప్పి ఒళ్ళో పెట్టుకున్నాడు. ఆయన చెవులు ఎర్రబడటం నాకు కనబడింది. నేను ఏదో ఒకటి చెయ్యాలనుకున్నాను గానీ ఏం చెయ్యాలో తోచలేదు.

అవ్వ వంగి మామ ముందున్న ఆకుని రెండు చేతులా పట్టుకుని తిప్పి వేసింది. కొస కుడివైపుకి వెళ్ళింది, వెడల్పు ఎడమవైపుకి వచ్చింది. అన్నం వడ్డించే అతను గరిటె ఎత్తి అలాగే నిలబడ్డాడు. ఎదురుగా ఉన్న పెద్దాయన, ఆకు తిరగబడిందమ్మా, అలా వేసేది అశుభానికి, ఇది శుభకార్యం కదా, అని మెల్లగా గుర్తు చేశాడు.

అవ్వ ఆయన్ని చూడలేదు. వడ్డించే అతనికి చోటు చూపించింది.

"ఈడ పెట్టు నాయనా. నా కొడుకు చెయ్యి ఈ పక్కనుండాది."

అతను అక్కడే పెట్టాడు. మామ తల వంచుకుని కలపడం మొదలుపెట్టాడు. అవ్వ ఈసారి గోడవైపు తిరగలేదు. మామ మొదటి ముద్ద మింగేదాకా చూసి, తర్వాత తన ఆకు మీద నీళ్ళు చల్లుకుంది.