ఆజీ అర్ర

బిడ్డలారా, సోలాపూర్ల మన ఇల్లు ముందుగాల ఎవలదని ఫోన్ల అడిగిన్రు గదా. జోడ్‌భావి పేట్ల ఆ ఇల్లు ఒక మరాఠీ ముసలామెది, మేం ఆజీ అంటుంటిమి. రాతి పునాది, మట్టిగోడలు. మొగడు పోయిండు, పిల్లలు లేరు. మా మామ తెలంగాణ నుంచొచ్చి ఆమె కాడనే కిరాయికుండి, ముందరర్రల గుంటమగ్గం ఏసుకున్నడు. శానేండ్లకు ఆజీ ఇల్లు మాకే అమ్మింది. ఒక్కటే మాట అడిగింది.

"ఎనకర్ర నాకుండనియ్యి. ఈ కడప దాటుడంటే నలుగురు మోస్తేనే దాటాలె."

మామ దేవుని ముంగట సరేనన్నడు.

మీ నాయన బడికి పోయే రోజులల్ల మామ కాలం జేసిండు. చేతిమగ్గం మీద నేసిన చద్దర్లు ఎవలు అడుగుతలేరు. మీ తాత కుమఠా నాకా కాడ కరెంటుతోని నడిచే మగ్గాలు, అవే సాంచాలు, జూసొచ్చి, ముందరర్రలనే ఒకటి పెడ్తనన్నడు. రాఖీ పున్నమికి మన సాలోళ్ల మార్కండేయ రథం ఎళ్తది. ఆ పొద్దే సాంచ షురూ గావాలని ఆయన జిద్దు. మగ్గం తీసి, కాళ్లు పెట్టే గుంటల పసుపు కుంకుమ చల్లి, పొయ్యిల బూడిద, పెంకులు, ఏది దొరికితే అది నింపిండు. దిమ్మిస కొట్టుడు లేదు, ఆరనిచ్చుడు లేదు. మీదికెల్లి సిమెంటు.

సాంచ నడిస్తే ఇల్లంత ఒణికేది. ఆజీ అర్రకు మాకు నడుమ ఒక్కటే గోడ.

"సూన్‌బాయి, నా గిన్నెలు గూట్లకెల్లి నడిసొస్తున్నయి. జర నీ మొగనికి చెప్పు" అన్నది నాతోని, సొంత కోడలి లెక్క పిలుసుకుంట.

మీ తాత ఇని, "మంచిదే ఆజీ, నీ మోకాళ్లు లేస్తలేవు, గిన్నెలన్న నడవనియ్యి" అన్నడు.

ఆమె గూడ నవ్వింది. "నేను పోయేదాంక నిలవెట్టురా గోడను. తర్వాత నీ ఇష్టం."

ఆ యేడు వానలు ఇడువలే. గుంటల బూడిదకు నీళ్లు దిగినయి. సిమెంటు కుంగి, సాంచ ఒరిగి గోడను గుద్దుకుంట నడిసింది. ఆపుమన్న. "ఈ చద్దరి దిగనియ్యి" అన్నడు మీ తాత. పట్టపగలు, నేను బీడీలు చుట్టుకుంట కూసున్న, నడిమి గోడ కూలి ఆజీ అర్ర పక్కగోడను గూడ గుంజుకపోయింది. ఆజీ బయట నల్లకాడ ఉండె, గందుకే బతికింది. అర్రకు తలుపు, కడప, అంతే మిగిలినయి.

ఆమె చెల్లె కొడుకు తన ఇంటికి తీస్కపోను ఆటో తెచ్చిండు. ఎక్కేముందు ఆజీ ఆ తలుపుకు తాళమేసింది. పక్కకు గోడే లేదు, లోపలి మంచం రోడ్డు మీదోళ్లకు గూడ కనవడ్తుంది.

"గోడ లేపిస్త ఆజీ, దివాలికి నేనే తీస్కొస్త" అన్నడు మీ తాత. ఆమె తలకాయ ఊపింది గని ఆయన దిక్కు సూడలే.

గోడ నడుమెత్తు లేసినంక ఆజీ పోయిందని కబురొచ్చింది. మీ తాత ఉరికిండు. పాడెను మన కడప కాడ జరసేపు దించి తీస్కపోదామని ఆ చెల్లె కొడుక్కు చేతులు జోడించిండట. "బతికున్నప్పుడు ఉంచలేదు గదా కాకా" అన్నడట ఆ పిలగాడు. అటుకెల్లి అటే తీస్కపోయిన్రు.

మీ తాత ఇంటికొచ్చి నల్లకాడ కూసున్నడు. ఇంట్ల మనిషి పోతే పోసుకున్నట్టు తలకు పోసుకుంటనన్నడు. నీళ్లు నేనే పోసిన.