కొలబద్ద మావయ్య బైనాక్యులర్స్ కొన్న వైనం

కొలబద్ద మావయ్యకు నమ్మకం అనేది పుట్టుకతోనే లేదు. మామూలు మనుషులు అనుమానం వస్తే కొలుస్తారు. ఆయన కొలిచాక కొలబద్దను అనుమానిస్తాడు. అందుకే ఆయన జేబులో ఎప్పుడూ రెండు స్కేళ్ళుంటాయి: ఒకటి వస్తువును కొలవడానికి, రెండోది మొదటిదాన్ని కొలవడానికి.

ముప్పై ఒక్క ఏళ్ళు తూనికలు కొలతల శాఖలో ఇన్‌స్పెక్టరుగా పనిచేసి రిటైరయ్యాడు. శాఖ ఆయన్ని వదిలింది గానీ ఆయన శాఖను వదల్లేదు. సబ్బు కొంటే కాగితం విప్పకముందే తూస్తాడు. అగ్గిపెట్టె కొంటే పుల్లలు లెక్కపెడతాడు. "యాభై అని రాసి నలభై ఎనిమిది పెట్టాడు. ఆ రెండు పుల్లలతో వాడు ఏం వెలిగించుకుంటున్నాడో!" అని రోజంతా మథనపడతాడు. ఇంట్లో మూడు గోడ గడియారాలున్నాయి, ఒకదాని మీద ఒకటి నిఘాకి.

పెళ్ళయిన వారానికే అత్తయ్యను గోడకు నిలబెట్టి తల మీదుగా పెన్సిల్ గీత గీశాడట.

"మీవాళ్ళు అయిదడుగుల రెండంగుళాలన్నారు. అంగుళమున్నర తక్కువొచ్చింది."

"మీవాళ్ళు మీకు బుద్ధుందన్నారు. అదెంత తక్కువొచ్చిందో నేనెవరితో చెప్పుకోను?" అందట అత్తయ్య.

ఆ గీత మీద మర్నాడే క్యాలెండర్ తగిలించారు. అది ఇప్పటికీ అక్కడే ఉంది.

ఇలాంటి మావయ్య ఒక శనివారం పొద్దున్నే మేనకోడలు పనిచేసే కంటి ఆస్పత్రికి వచ్చి, చూపు పరీక్షించే కుర్చీలో కూర్చున్నాడు. ఆమె అక్కడ పన్నెండేళ్ళుగా జనానికి అద్దాలు మార్చి మార్చి "ఇది బాగుందా, అది బాగుందా" అని అడిగే ఉద్యోగం చేస్తోంది. మావయ్య ఎదురు గోడ మీది అక్షరాలకేసి ఒకసారి చూసి పెదవి విరిచాడు.

"ఈ అక్షరాలు మార్చరా?"

"ఎందుకు మార్చాలి మావయ్యా?"

"వచ్చేవాళ్ళు కంఠస్థం చేసి రారని గ్యారంటీ ఏమిటి?"

"కంఠస్థం చేసి పాసైతే వాళ్ళకొచ్చేదేముంది, గోడకి గుద్దుకోవడం తప్ప!"

ఆ జవాబు ఆయనకు నచ్చలేదు. అయినా గొంతు తగ్గించి అసలు సంగతి చెప్పాడు. "నాకొక బైనాక్యులర్స్ కావాలి. పగలు దూరంగా ఉన్నవి కనిపించాలి. చీకటి పడితే నక్షత్రాలు కనిపించాలి. రెండు పనులకీ ఒక్కటే. అద్దాల సంగతి నీకు తెలుసు. కొట్టువాడు నన్ను మోసం చేయకుండా పక్కనుండు."

"ఇంతకీ ఎందుకు మావయ్యా?"

"ఎందుకేమిటి? చూడ్డానికి."

ఆయన వెళ్ళగానే మేనకోడలు అత్తయ్యకు ఫోన్ చేసింది. అత్తయ్యకు క్షణంలో అర్థమైపోయింది. వాళ్ళ డాబాకి ఎదురుగానే కూరగాయల బజారు.

"ఇంకెందుకే! డాబా ఎక్కి తక్కెళ్ళ ముల్లు చూడ్డానికి!"

"మరి నక్షత్రాలు?"

"అవన్నీ ఉన్నాయో లేదో లెక్క తేల్చడానికి!"

ఈ మాట ఎలా పాకిందో గానీ రెండు రోజుల్లో బజారులో సగం మంది తక్కెళ్ళ మీద గొడుగులు పాతారు. ఆయన సంచీ పట్టుకుని వెళితే అడక్కుండానే ప్రతివాడూ నాలుగు బెండకాయలు ఎక్కువ వేశాడు. ఎక్కువ వచ్చినందుకూ ఆయనకు అనుమానమే. ఇంటికొచ్చి వాటిని విడిగా తూచాడు.

*

బైనాక్యులర్స్ దుకాణంలో అడుగుపెట్టగానే కొట్టువాడు లేచి నిలబడ్డాడు. గౌరవంతో కాదు, కాళ్ళు వాటంతటవే లేచాయి. పదిహేనేళ్ళ కిందట అతనికి బట్టల కొట్టుండేది. మీటరు కర్ర అరంగుళం పొట్టిదని పట్టుకున్నది మావయ్యే. ఆ దెబ్బతో బట్టలు మానేసి, అద్దాల్లో కొలవడానికేముందిలే అని ఈ వ్యాపారంలోకి దిగాడు. ఇప్పుడు మావయ్య జేబులోంచి రెండు స్కేళ్ళూ తీసి బల్ల మీద పెట్టేసరికి అతని మొహం సున్నం కొట్టినట్టయింది.

"దీని మీద పది, ఇంటూ, యాభై అని రాసుంది. ఏమిటి దీని అర్థం?"

"పది రెట్లు దగ్గరగా కనిపిస్తుంది సార్. ముందున్న అద్దం యాభై మిల్లీమీటర్ల వెడల్పు. అద్దం ఎంత పెద్దదైతే చీకట్లో అంత వెలుతురు పట్టుకుంటుంది."

మావయ్య స్కేలు పెట్టాడు. "నలభై తొమ్మిదిన్నర."

"అంచు రింగు కింద అర మిల్లీ దాక్కుంటుంది సార్."

"దాక్కోవాల్సిన అవసరం దానికేమొచ్చింది?"

కొట్టువాడు చెమట తుడుచుకుంటూ ఇంకోటి తీశాడు. అరచేతిలో ఇమిడిపోయేంత చిన్నది. దాని మీద మాత్రం "ముప్పై ఇంటూ అరవై" అని ఉంది. స్కేలు పెడితే అద్దం ఇరవై రెండు మిల్లీలు.

"అరవై ఎక్కడుంది?"

"అది... ఒక రకంగా మోడల్ పేరండీ."

"కర్ర పొట్టిదైనప్పుడూ ఇలాగే ఏదో పేరు చెప్పావు."

మేనకోడలికి జాలేసి మధ్యలోకి వచ్చింది. ఏడు ఇంటూ యాభై ఒకటి చూపించి, "ఇది చీకట్లో బాగా వెలుతురిస్తుంది గానీ మనకి దండగ మావయ్యా. యాభైని ఏడుతో భాగిస్తే ఏడు మిల్లీల పైచిలుకు. కంటి దగ్గరికి అంత లావు వెలుతురొస్తుంది. వయసు మళ్ళిన వాళ్ళ కంటిపాప చీకట్లో కూడా అయిదు మిల్లీలకు మించి తెరుచుకోవడం కష్టం. మిగతాదంతా బయటే వృథా," అంది.

"అంటే కంటిపాప కూడా కొలత తగ్గించి ఇస్తుందన్నమాట!"

"అది మోసం కాదు మావయ్యా, వయసు."

ఆయన దాన్ని పక్కన పెట్టాడు. ఆ తర్వాత చేసిన పని చూసి మేనకోడలు నివ్వెరపోయింది. జేబులోంచి సీసా అడుగుల్లాంటి మందపాటి కళ్ళజోడు తీసి పెట్టుకున్నాడు. అది ఆయనది కాదు. పోయిన నెల ఆయన కళ్ళు పరీక్షించింది తనే. చదువుకోవడానికి తప్ప ఆయనకు అద్దాలే అక్కర్లేదు. ఆ కళ్ళజోడుతో ఒక పొట్టి స్టూలు మీద కూర్చుని, కుడిచెయ్యి ఒళ్ళో పడేసి, ఎడమ చేత్తో పది ఇంటూ యాభై ఎత్తి ఎదురు మేడ మీది గడియారం చూశాడు.

"ముల్లు డాన్సాడుతోంది."

"పది రెట్లంటే చేతి వణుకూ పది రెట్లే సార్. రెండు చేతుల్తో పట్టుకోండి."

"రెండో చెయ్యి లేదనుకో."

కొట్టువాడు మేనకోడలి వైపు చూశాడు. మేనకోడలు పైకప్పు వైపు చూసింది.

"ఈ కళ్ళజోడుతో చూస్తే మధ్యలో ఇంత బిళ్ళ తప్ప చుట్టూ నలుపే. కళ్ళజోడు తీయకుండా మొత్తం కనిపించేది కావాలి. బరువు తక్కువుండాలి. ఎడమ చెయ్యి పావుగంట మోయాలి."

ఆ రాత్రి మేనకోడలికి అన్నం సహించలేదు. కుడిచెయ్యి లేదనుకో అన్నాడు. చూపు లేదన్నట్టు నటించాడు. ఏదో జబ్బు దాస్తున్నాడా? ఇన్నేళ్ళూ అందర్నీ అనుమానించిన మనిషిని అనుమానించడం ఎలాగో ఆమెకు తెలీలేదు. మర్నాడు వాళ్ళింటికి వెళ్ళి చెయ్యి చాపింది.

"మావయ్యా, కుడి చేత్తో నా చెయ్యి గట్టిగా నొక్కండి."

"ఎందుకు?"

"ఊరికే."

"ఊరికే ఎవరూ నొక్కించుకోరు. ఎవరు పంపారు నిన్ను?"

అంటూనే నొక్కాడు. ఆమె వేళ్ళు పటపటమన్నాయి. జబ్బు లేదని తేలింది. అనుమానం మాత్రం రెట్టింపయింది.

మూడోసారి దుకాణానికి వెళ్ళేటప్పటికి ఎనిమిది ఇంటూ నలభై రెండు దగ్గర ఆయన ఆగాడు. తేలిగ్గా ఉంది. కళ్ళజోడుతోనూ చూపు నిండా కనిపిస్తోంది. ఎనిమిది రెట్లకు వణుకు అంతగా తెలీదు. వెలుతురు లెక్క వేస్తే అయిదు మిల్లీల చిల్లర, ముసలి కంటిపాపకి సరిగ్గా సరిపోయేంత. అయినా నక్షత్రాల పరీక్ష మిగిలింది. చలికాలం గనక తొందరగా చీకటి పడింది. మావయ్య కొట్టు బోర్డు లైటు ఆర్పించి, పక్క కొట్టు లైటు కూడా ఆర్పించి, రోడ్డు మీదే పొట్టి స్టూలు వేయించుకున్నాడు. ముందు ఒక మెరిసే చుక్కను చూశాడు, అద్దం నాసిరకమైతే వచ్చే గీతల మీసాలు దానికి మొలిచాయేమోనని. మొలవలేదు, సూదిమొనలా ఉంది. తర్వాత తూర్పున కృత్తికల వైపు తిప్పాడు.

"ఉత్త కళ్ళకి ఆరు. దీంట్లో... పంతొమ్మిది, ఇరవై... ఉండండి, కదలకండి."

కదులుతున్నది ఎవరో ఎవరికీ తెలీలేదు. అయినా అందరూ బిగుసుకు నిలబడ్డారు. చివరికి ఆయన కిందికి దించి, "బాగుంది," అన్నాడు.

కొట్టువాడు గభాల్న గోడ పట్టుకున్నాడు. ఆ నోట ఆ మాట వస్తుందని అతను ఈ జన్మలో అనుకోలేదు.

*

ఆదివారం మధ్యాహ్నం అత్తయ్య ఫోన్ చేసింది. "బైనాక్యులర్స్ డబ్బా చంకలో పెట్టుకుని బయటికెళ్ళారే. డాబా మీదకి కాదు. అడిగితే 'తనిఖీ' అన్నారు. నాకేదో తేడాగా ఉంది. మీ ఇల్లు బస్‌స్టాపు పక్కనేగా, కాస్త చూడు."

మేనకోడలు చూసింది. చూడ్డమే కాదు, అదే బస్సు వెనక తలుపులోంచి ఎక్కింది. రేవు దగ్గర గోదాములు దాటాక ఆయన దిగాడు. లిఫ్టు లేని నాలుగంతస్తుల పాత మేడలోకి వెళ్ళాడు. ఒక అంతస్తు వెనకగా ఆమె చప్పుడు చేయకుండా ఎక్కింది. పైన తలుపు ఓరగా తెరిచుంది.

కిటికీ దగ్గర కుర్చీలో ఒక ముసలాయన కూర్చుని ఉన్నాడు. ముక్కు మీద సీసా అడుగుల కళ్ళజోడు, ఒళ్ళో కదలని కుడిచెయ్యి. మావయ్య ఆఫీసులో అటెండరుగా చేసిన మనిషి. ఆమె చిన్నప్పుడు చూసింది: ముందు మావయ్య చేతులూపుకుంటూ నడిస్తే, వెనకాల ఈయన తూకపు ఇనుప గుండ్ల పెట్టె కుడి భుజాన మోసుకుంటూ వచ్చేవాడు. ఇరవై ఏడేళ్ళు మోశాడు. భుజం అరిగిపోయింది, ఆ తర్వాత మోకాళ్ళు పోయాయి. మెట్లు దిగి ఆర్నెల్లయింది.

"నీ పాత కళ్ళజోడు, ఇదిగో," అంటూ మావయ్య జేబులోంచి తీసి ఇచ్చాడు. "పని అయిపోయింది."

"దేనికి పట్టుకెళ్ళారో చెప్పనే లేదు సార్."

"ఇదిగో దీనికి." డబ్బా విప్పాడు. "దీంట్లో ఎక్కడో లోపముంది. నాకు దొరకడం లేదు."

ముసలాయన ఎడమచెయ్యి చాపబోయి ఆగాడు. "ఇంత మంచి వస్తువు నాకెందుకు సార్?"

"నీకెవరిచ్చారయ్యా? తనిఖీకి ఇస్తున్నాను. పగలు ఆ పడవల మీద రాసినవి చదువు. సాయంత్రం చుక్కలు చూడు. సూర్యుడి వైపు మాత్రం పొరపాటున కూడా తిప్పకు, కళ్ళు పోతాయి. లోపం కనిపిస్తే రాసిపెట్టు. ఆదివారం ఆదివారం వచ్చి చూసుకుంటాను. డ్యూటీ. అర్థమైందా?"

"డ్యూటీ అయితే సరే సార్."

ఎడమ చేత్తోనే ఎత్తాడు. కిటికీలోంచి రేవంతా మెల్లగా తిప్పి చూశాడు. తర్వాత ముసలాయన గొంతు కొత్తగా వినిపించింది.

"సార్! ఆ నీలం పడవ మీద ఒకడు లాగూ ఆరేస్తున్నాడు. పిండకుండానే ఆరేశాడు సార్, వెధవ!"

"రాసుకో," అన్నాడు మావయ్య. అని, వెనక్కి తిరక్కుండానే, "తలుపు వెనక ఎంతసేపు నిలబడతావమ్మాయ్? లోపలికి రా. కింద మూడో మెట్టు నుంచే నీ చెప్పుల చప్పుడు తెలుసు," అన్నాడు.

దిగేటప్పుడు మేనకోడలు అడిగింది. "నీకోసమే కొన్నాను, ఉంచుకో అని చెప్పొచ్చుగా మావయ్యా?"

"చెబితే తీసుకోడు. ఇరవై ఏడేళ్ళలో నా డబ్బుతో ఒక్క టీ తాగలేదు." రెండు మెట్లు దిగి మళ్ళీ అన్నాడు. "ఆ పెట్టె ఇరవై మూడు కిలోలు. ఆ సంగతి నాకెప్పుడూ తెలుసు. భుజం సంగతే అడగలేదు." ఇంకో మాట మాట్లాడకుండా గోడ మీద ఎవరిదో కరెంటు మీటరు పరీక్షించడం మొదలెట్టాడు.

నెల తర్వాత మేనకోడలు ముసలాయన కళ్ళు పరీక్షించడానికి అక్కడికి వెళ్ళింది. బల్ల మీద తనిఖీ కాగితాలు వరసగా పేర్చి ఉన్నాయి. "అంతా సవ్యంగా ఉంది. కానీ ఎడమ గొట్టంలో ఏదో ఉన్నట్టు అనుమానం. వచ్చే వారం మళ్ళీ చూడాలి." ప్రతి కాగితంలోనూ చివర అదే మాట.

"ఏదీ, నేను చూస్తాను," అని ఆమె వెలుతురుకు పెట్టి రెండు గొట్టాలూ చూసింది. "ఏమీ లేదే!"

ముసలాయన తలుపు వైపు ఒక చూపు చూసి గొంతు తగ్గించాడు. "లేదని నాకు మొదటి రోజే తెలుసమ్మా. లేదని రాసేస్తే తనిఖీ అయిపోతుంది. అయిపోతే సార్ మళ్ళీ ఎందుకొస్తారు? ఇన్ని మెట్లు ఎక్కి నా దగ్గరికొచ్చేది ఆయనొక్కరే."

అంతలో మెట్ల మీద అడుగుల చప్పుడు. మావయ్య ఆయాసపడుతూ వచ్చి, పలకరింపు కూడా లేకుండా కొత్త కాగితం అందుకుని చదివాడు. చదువుతుంటే ఆయన మొహం వెలిగిపోయింది.

"చూశావా అమ్మాయ్! ఎడమ గొట్టమట! నేను చెబితే నువ్వు నమ్మావా?"

కుర్చీ కిటికీ దగ్గరికి లాక్కున్నాడు. ఆ సాయంత్రమంతా ఇద్దరూ వంతులవారీగా ఆ లోపం కోసం రేవంతా వెతికారు.