ఎడమ చెయ్యి

మా నర్సింగ్ కాలేజీలో బీపీ చూడడం నేర్చుకునేవాళ్ళందరికీ నా ఎడమ చెయ్యే పాఠ్యపుస్తకం. వరసగా వచ్చి పట్టీ చుడతారు, గాలి కొడతారు, థాంక్యూ సార్ అని వెళ్ళిపోతారు. పాఠాలు చెప్పే ఉద్యోగానికి పలాస వచ్చాక నా చెయ్యి పట్టుకున్నవాళ్ళు వాళ్ళే, అదీ మార్కుల కోసం. నేను కనబడగానే అమ్మాయిలు మాటలు ఆపేస్తారు. ఆసుపత్రి సిస్టర్లూ ఆపేస్తారు. నిశ్శబ్దం పాటించండి అనే బోర్డు నేనున్నచోట దండగ.

ఈ ఏడాది మా పిల్లల్ని డయాలసిస్ వార్డుకి తీసుకెళ్ళాను. ఉద్దానం నుంచి ఒక తాత రోజు విడిచి రోజు అక్కడికి వస్తాడు, ఒక్కడే బస్సెక్కి. ఊళ్ళో కొబ్బరితోట ఆయన ముసలమ్మ చూసుకుంటుంది. డయాలసిస్ సూదుల కోసం ఆయన ఎడమ చేతికి ఆపరేషన్ చేసి రక్తనాళాలు కలిపారు. ఆ చేతికి బీపీ పట్టీ కట్టకూడదు, నాళం మూసుకుపోవచ్చు. గుమ్మంలోనే చెప్పాను. అయినా ఆ మధ్యాహ్నం, ఆయనకి మిషను పెట్టేముందు ఒకమ్మాయి, నా చేతి మీద అలవాటైనట్టే, తిన్నగా వెళ్ళి ఆ ఎడమ చేతికే పట్టీ చుట్టింది.

“ఆపు!” అని అరిచాను. నాకంత గొంతుందని నాకూ అప్పుడే తెలిసింది.

గాలి ఇంకా కొట్టలేదు. పట్టీ విప్పేసి గోడవైపు తిరిగి ఏడ్చింది. “నా వల్ల కాదు సార్. నానకి ఫోన్ సేసి ఇంటికెలిపోతాను.”

ఇలాంటి వేళలకి నా దగ్గర జోకులు చాలా ఉంటాయి. ఒకటి వెతుక్కుంటున్నాను.

తాతే పిలిచాడు. “ఇలా రా పాపా. ఇక్కడ ఏలెట్టు.” ఆమె వేళ్ళు ఆ నాళం మీద పెట్టుకున్నాడు. “జుయ్యిమంతందా? రగతం బాగానే పారతంది కదా, మరేటి ఏడుపు? మీ మేస్టారి అరుపుకి నా బీపీ పెరిగుంటాది. కుడిసేతికి సూసి ఆయన పేరన రాసీ.”

ఏడుస్తూనే నవ్వింది. కుడి చేతికి చూసింది.

సాయంత్రం కాలేజీ బస్సెక్కుతూ, “సార్, రేపు కూడా ఈ వార్డేనా?” అని అడిగింది. అవునన్నాను. ఇంటికి ఫోన్ వెళ్ళలేదన్నమాట.

బస్సు వెళ్ళిపోయింది. నా గది పక్క వీధిలోనే ఉంది. అక్కడ నాకోసం ఎదురుచూసేది ఫ్యాను ఒక్కటే. మళ్ళీ వార్డులోకి నడిచాను. తాత ఇంకా మిషను మీదే ఉన్నాడు.

“ఏటి బాబూ, ఆ పిల్ల ఎలిపోనాదా?”

“లేదు తాతా. ఎల్లుండి నువ్వొచ్చేసరికి ఉంటుంది.”

“అయితే సాలు.” కుడి చెయ్యి ముందుకి చాపాడు. “నా కుడిసెయ్యి ఖాళీయే. ఓపాలి బీపీ సూడు.”

“ఇందాకే ఆ పిల్ల చూసింది కదా.”

“అయితే ఏటి? నీకు మరో పనుందేటి?”

లేదు. కుర్చీ దగ్గరికి జరుపుకుని, పట్టీ నెమ్మదిగా చుట్టాను.