దారం కొస

తడి జాజు వాసన తగిలితే ఇప్పటికీ నా పిడికిలి బిగుసుకుంటుంది.

మా బాపు స్థపతి. చిన్నప్పుడు గుడి పనులకు ఆయన వెంట ఊరూరా తిరిగేదాన్ని. కోరుట్ల దగ్గర ఒక ఊళ్లో పునాదికి గీతలు వేస్తున్నాం. ఎర్రమట్టి కలిపిన జాజు నీళ్లలో ముంచిన దారానికి ఒక కొస నాది, రెండోది ఆయనది.

అన్నల కోసం, నక్సలైట్ల కోసం తిరిగే పోలీసులు జీపు ఆపి, జాజుతో ఎర్రబడ్డ బాపు అరచేతులు చూశారు.

"గోడల మీద ఎర్ర నినాదాలు రాసేది నువ్వేనా?"

"గుడి పని సార్," అన్నాడు. వినకుండా జీపెక్కించారు.

"బిడ్డా, దారం ఇడువకు! గీత వంకరైతది!" అని అరిచాడు బాపు.

పొద్దుగూకేదాకా ఒక్కదాన్నే ఆ కొస పట్టుకుని కూర్చున్నాను. ఊళ్లోవాళ్లెవరూ దగ్గరికి రాలేదు. గుడి వంకరపోతుందనే నా భయమంతా.

చీకటి పడ్డాక పోలీసులు వదిలేస్తే బాపు నడుచుకుంటూ వచ్చి, కింద పడున్న తన కొస అందుకున్నాడు.

ఇప్పుడు నేనూ గుడులు కడుతున్నాను. అవతల పట్టేవాళ్లు లేని దారంతో ఏ గీతా పడదని తెలుసు. నేను జీపు వెంట పరుగెత్తకుండా ఆపడానికి బాపుకు ఆ క్షణంలో దొరికింది ఆ మాటొక్కటే.